మీరు అడిగారు: ఇద్రిస్ లతీఫ్ ముచ్చట్లు

ప్రశ్న: మన హైదరాబాద్ ఆయనొకరు వాయుసేనకు చీఫ్ అయ్యారని, పాకిస్తాన్ రమ్మన్నా వెళ్లలేదని మా తాతగారు చెబుతారు. ఎవరాయన?

జవాబు: ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923 జూన్ 9న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1942 జనవరిలో, పద్దెనిమిదేళ్లకే ఆఫీసరయ్యారు. మొదట్లో చేతికొచ్చినవి వాపిటి, ఆడాక్స్ లాంటి పాత విమానాలు. తర్వాత బ్రిటన్ వెళ్లి హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు నేర్చుకొని, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా ఫ్రంట్‌లో యుద్ధం చేశారు.

అక్కడి తోటి పైలట్లే అస్గర్ ఖాన్, నూర్ ఖాన్. విభజన రోజుల్లో వాళ్లు తమతో వచ్చెయ్యమన్నారు. మతం వేరు, దేశం వేరని ఈయన ఇక్కడే ఉండిపోయారు. వాళ్లిద్దరూ తర్వాత పాకిస్తాన్ వాయుసేనకు చీఫ్‌లయ్యారు. మీ తాతగారు ఇంకో సంగతి కూడా చెప్పారో లేదో: 1947 ఆగస్టులో హైదరాబాద్ సంస్థానం ఇంకా భారత్‌లో కలవనే లేదు. కలిసింది 1948 సెప్టెంబరులో. అంటే సొంత ఊరికన్నా ఏడాది ముందే ఈయన ఎటువైపో తేల్చేసుకున్నారన్నమాట!

అయితే అందరూ ఈ ఒక్క కథ చెప్పి ఆపేస్తారు. వాయుసేనలో గ్రౌండ్ స్టాఫ్‌గా చేసిన నాకు అది నచ్చదు. 1978 సెప్టెంబరు నుంచి 1981 ఆగస్టు దాకా చీఫ్‌గా ఆయన చేసిన పని ఇంకా పెద్దది. శత్రు భూభాగంలోకి లోతుగా, తక్కువ ఎత్తులో వెళ్లి బాంబులు వేసే విమానం కావాలని వాయుసేన ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది. ఆ పనికి జాగ్వార్ విమానం ఎంపిక ఖరారై, 1979లో మొదటివి దిగింది ఆయన హయాంలోనే. మిగ్-23, మిగ్-25 కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. ఒకపక్క బ్రిటన్ నుంచి కొన్న విమానం, ఇంకోపక్క సోవియట్ విమానాలు. టూల్స్ వేరు, మాన్యువల్స్ వేరు, స్పేర్ పార్టులు వేరు. ఆ గోల పడేది హ్యాంగర్లో ఉన్నవాళ్లే లెండి.

ప్రశ్న: ఆర్మీలో జనరల్ ఉంటారు కదా, వాయుసేనలో ఎందుకుండరు?

జవాబు: మనది బ్రిటిష్ వాళ్ల ర్యాంకుల పద్ధతి. ఎయిర్ చీఫ్ మార్షల్ అంటే ఆర్మీ జనరల్‌తో, నేవీ అడ్మిరల్‌తో సమానం. అమెరికా వాయుసేనలోనైతే జనరల్ అనే అంటారు.

ప్రశ్న: లతీఫ్ గారు రిటైరయ్యే ముందు మిగ్-25లో ఎగిరారట. ఆ వయసులో అది ఫొటోల కోసమేగా?

జవాబు: ఫొటోలు తీసే ఉంటారు, తప్పేముంది? 58 ఏళ్ల మనిషి ధ్వనికి రెండింతలకు పైగా వేగంతో, ఇరవై కిలోమీటర్ల పైకి కూడా వెళ్లగల విమానం ఎక్కారు. చీఫ్ వస్తున్నారంటే మాకు తెలిసిందల్లా దారి పక్క రాళ్లకు సున్నం, గేరు (ఎర్రమట్టి రంగు) పూయడమే. వచ్చినాయన కొత్త విమానంలో కూర్చుంటే దాన్ని సిద్ధం చేసినవాళ్ల ఛాతీ ఎంత పొంగుతుందో ఆఫీసు కుర్చీల్లోంచి చూసేవాళ్లకు తెలియదు.

ఆ తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశారు. ఆయన భార్య బిల్కీస్ గారి తండ్రి అలీ యావర్ జంగ్ కూడా అదే మహారాష్ట్రకు గవర్నర్‌గా చేశారు. ఒకే రాజ్‌భవన్‌లో ఒకసారి కూతురిగా, ఒకసారి గవర్నర్ గారి భార్యగా! ఆవిడ ధారావి మురికివాడలో చేసిన పని గురించి విడిగా రాయాలి. లతీఫ్ గారు 2018 ఏప్రిల్ 30న, 94 ఏళ్ల వయసులో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.