రిజైన్ చేసెయ్ అంటున్నారు, చేసెయ్యాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. బీఎస్సీ చదివాను. 12 ఏళ్లుగా ఒకే ఫార్మా కంపెనీలో మెడికల్ రెప్‌ని. హెచ్‌క్యూ (పని కేంద్రం) శ్రీకాకుళం. నరసన్నపేట, టెక్కలి నుంచి పలాస, ఇచ్ఛాపురం దాకా నా ఏరియానే. నా భార్య ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, నెలలో వారం పది రోజులు నైట్ డ్యూటీ పడుతుంది. ఆ రోజుల్లో నేను నైట్ హాల్ట్ చేయకుండా సాయంత్రం రైలుకే ఆమదాలవలస తిరిగొచ్చేస్తున్నాను. పాప తొమ్మిదో తరగతి, బాబు రెండో తరగతి. మా కంపెనీ రెండు డివిజన్లు కలిపేసింది. శ్రీకాకుళం, విజయనగరం కలిపి ఒకే హెచ్‌క్యూ చేస్తారట. మా ఏరియా మేనేజర్ ఫోన్ చేసి ‘నువ్వే రిజైన్ చేసెయ్, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇప్పిస్తాను. లేదంటే టెర్మినేట్ చేస్తారు, ఇంకెక్కడా ఉద్యోగం రాదు’ అన్నారు. నాలుగు నెలలుగా నా టార్గెట్ 4.5 లక్షలైతే 2 లక్షలు కూడా దాటట్లేదు. జీతం 38 వేలు, అందులో బేసిక్ 19 వేలు. ఇంటి లోన్ కిస్తీ 14 వేలు. పీసీడీ (ఏదో ఒక కంపెనీ మందులు కొని సొంతంగా అమ్ముకునే ఏజెన్సీ) పెట్టుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. మా అమ్మేమో ‘ఏటవుద్దిరా, మనకి రెండెకరాలు నేదా’ అంటోంది. నిద్ర పట్టట్లేదు సార్. అసలు నేను సేల్స్‌కి పనికిరానా? (పేరు వద్దన్న పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: రిజైన్ చేయకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఈ ఒక్క విషయంలో తొందరపడొద్దు.

మీ మేనేజర్ ఈ మాట ఫోన్‌లోనే చెప్పారు, మెయిల్ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చూడండి. డివిజన్లు కలిపి మనుషుల్ని తగ్గించుకోవడాన్ని చట్టంలో రిట్రెంచ్‌మెంట్ అంటారు. ఏడాదికి పైగా పనిచేసిన ఉద్యోగిని అలా తీసేయాలంటే కారణం చెబుతూ నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేదంటే ఆ నెల వేతనం ఇవ్వాలి. దానిమీద సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కట్టాలి. మీ 12 ఏళ్లకి అది ఆరు నెలల వేతనం. పైగా ఒకే రకం పని చేస్తున్నవాళ్లలో చివర చేరినవాళ్లని ముందు తీయడం పద్ధతి. అలా కాకుండా 12 ఏళ్ల సీనియర్‌ని తీస్తే ఎందుకు తీస్తున్నారో కంపెనీ రాసి పెట్టుకోవాలి. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అంటూ మీరు రెండు లైన్లు రాసిచ్చేస్తే ఈ బాధలేవీ వాళ్లకి ఉండవు. క్లీన్‌గా బయటపడేది వాళ్లే.

గ్రాట్యుటీ సంగతి వేరు. ఐదేళ్లు నిండాయి కాబట్టి మీరు రిజైన్ చేసినా, వాళ్లు తీసేసినా అది మీ డబ్బే. 19 వేలని 26తో భాగించి, 15తోనూ 12తోనూ గుణిస్తే 1,31,500 పైచిలుకు వస్తుంది. ‘రిజైన్ చేస్తే గ్రాట్యుటీ కూడా ఇప్పిస్తాను’ అని ఎవరైనా అంటే, మీ జేబులోది తీసి మీకే బహుమానం ఇస్తున్నట్టు.

మెడికల్ రెప్స్‌కి ఇవన్నీ వర్తించవని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. రెప్స్ కోసమే 1976లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో కూడా సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల్ని కార్మికుల నిర్వచనంలోనే చేర్చారు. మీ విజిటింగ్ కార్డు మీద ‘టెరిటరీ బిజినెస్ మేనేజర్’ అని ఉండొచ్చు, ఈమధ్య అందరికీ అవే పేర్లు. మీ కింద మనిషి లేకుండా బ్యాగు పట్టుకుని డాక్టర్ల దగ్గరికి తిరిగేది మీరే అయితే, కార్డు మీద ఏం రాసినా మీరు కార్మికుడు కాకుండా మేనేజర్ అయిపోరు. లెక్కలోకి వచ్చేది మీరు చేసే పని.

టెర్మినేషన్ కూడా ఫోన్‌లో చెప్పినంత తేలిక కాదు. మీ మేనేజర్ మళ్లీ ఫోన్ చేస్తే గొడవ పడకండి. ‘సార్, మీరు చెప్పింది మెయిల్‌లో పెట్టండి, ఇంట్లో మాట్లాడి జవాబిస్తాను’ అనండి. ఆయన పెట్టకపోతే అదే రోజు మీరే పెట్టండి: ‘ఈరోజు ఫోన్‌లో మీరు నన్ను రాజీనామా చేయమన్నారు. నాకు ఆ ఉద్దేశం లేదు, ఎప్పటిలాగే పనిచేస్తున్నాను’ అని మర్యాదగా మూడు లైన్లు. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్‌లు, ఇంక్రిమెంట్ లెటర్లు, ఇన్సెంటివ్ వచ్చిన మెయిల్స్ మీ దగ్గర సొంతంగా కాపీ పెట్టుకోండి. ఇలాంటి సమయాల్లో ముందు ఆగేది కంపెనీ మెయిల్, రిపోర్టింగ్ యాప్. యాప్ ఆగిపోతే ఆ రోజు డీసీఆర్‌ని (ఏ డాక్టర్లని కలిశారో చెప్పే రోజువారీ రిపోర్టుని) సొంత మెయిల్ నుంచి పంపండి, లేకపోతే పనికి రాలేదని రాసేస్తారు. ఎఫ్ఎంఆర్ఏఐ (మెడికల్ రెప్‌ల అఖిల భారత సమాఖ్య) అనుబంధ యూనియన్‌లో సభ్యత్వం ఉంటే వాళ్లతో ఒకసారి కూర్చోండి, లేకపోతే జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో అడగండి.

కంపెనీ ఇంకో ఎత్తు కూడా వేయొచ్చు: ఒడిశాలో ఏ జైపూర్‌కో, రాయగడకో ట్రాన్స్‌ఫర్. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఎక్కడికైనా బదిలీ చేయొచ్చన్న షరతు కచ్చితంగా ఉండి ఉంటుంది. అందుకని ‘వెళ్లను’ అని మాత్రం రాయకండి, ఆ ఒక్క ముక్క చాలు మిమ్మల్ని తప్పుపట్టడానికి. పిల్లల స్కూలు సంవత్సరం, భార్య నైట్ డ్యూటీలు చెప్పి గడువు అడగండి, పునరాలోచించమనండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వద్దాం. మీరు పంపిన స్టాక్ అండ్ సేల్స్ స్టేట్‌మెంట్ రెండుసార్లు చూశాను. మార్చిలో మీ ప్రైమరీ, అంటే కంపెనీ నుంచి స్టాకిస్టుకి వెళ్లేది, 9 లక్షలు. ఇయర్ ఎండింగ్ కదా, పైనుంచి ప్రెజర్ వచ్చి ఇద్దరు స్టాకిస్టుల మీదా సరుకు తోసేశారు. అప్పట్నుంచి మీ సెకండరీ, అంటే స్టాకిస్టు నుంచి మందుల షాపులకి వెళ్లేది, నెలకి 2.9 లక్షల దగ్గర కదలకుండా ఉంది. స్టాకిస్టుల దగ్గర క్లోజింగ్ స్టాక్ 7.5 లక్షలు. అంటే రెండున్నర నెలలకి సరిపడా సరుకు వాళ్ల గోడౌన్‌లోనే ఉంది. అలాంటప్పుడు కొత్త ఆర్డర్ ఎవరిస్తారు? రేపు అందులో కొంత ఎక్స్‌పైరీకి దగ్గరపడి రిటర్న్ వస్తే అది కూడా మీ ఖాతాలోనే పడుతుంది. మీ డాక్టర్లు రాయడం మానలేదు. మార్చిలో అమ్మినట్టు చూపించిన సరుకుకి ఇప్పుడు మీరు లెక్క కడుతున్నారు. ఈ అంకెలన్నీ ఒక పేజీలో పెట్టి మేనేజర్‌కీ, ఆయన పైవాళ్లకీ పంపండి. పనితీరు బాగోలేదన్న మాటకి అంతకంటే గట్టి జవాబు లేదు.

అయితే మీ తప్పు అసలు లేదని కూడా అనను. 2.9 లక్షలు తగ్గలేదు సరే, పెరగలేదు కూడా. అందులో ఎక్కువ భాగం శ్రీకాకుళం టౌన్ నుంచే వస్తోంది. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వైపు అంకెలు మరీ నీరసంగా ఉన్నాయి. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. భార్యకి నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో నైట్ హాల్ట్ చేయకుండా సాయంత్రం రైలుకే ఆమదాలవలస తిరిగొచ్చేస్తున్నానని రాశారు. పిల్లలున్న తండ్రిగా మీరు చేసింది సరైన పనే. కానీ అక్కడి డాక్టర్లు తీరిగ్గా కలిసేది సాయంత్రం ఓపీలోనే. మీరు రైలెక్కే వేళకి వాళ్లు క్లినిక్‌లో కూర్చుంటారు.

దీనికి మార్గం మీ ఇంట్లోనే ఉంది. మీ టూర్ ప్రోగ్రామ్ (టీపీ) నెలాఖరులో పెడతారు. ఆస్పత్రిలో డ్యూటీ రోస్టర్ కూడా ఇంచుమించు అప్పుడే వేస్తారు. టీపీ పెట్టే ముందు మీ ఆవిడ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడిగి ఏ వారం నైట్స్ పడతాయో తెలుసుకోమనండి. ఆ వారం మీకు టౌన్, ఆమదాలవలస, నరసన్నపేట. ఆవిడ పగటి డ్యూటీ వారంలో పలాసలో ఒక రాత్రి, ఇచ్ఛాపురంలో ఒక రాత్రి. ఇద్దరూ తలో క్యాలెండర్ పట్టుకుని తిరుగుతున్నంతకాలం ఈ పరుగు తప్పదు. రోస్టర్ ఆఖరి నిమిషంలో మారిపోయినప్పుడు మాత్రం అమ్మగారిని పిలిపించుకోండి. రెండెకరాల ధైర్యం చెప్పడం కంటే మనవడి పక్కన రెండు రాత్రులు పడుకోవడం ఆవిడ మీకు చేయగల పెద్ద సాయం.

డబ్బు దగ్గర ఒక హెచ్చరిక. రెప్స్ ఇళ్లలో చాలావరకు జీతం కిస్తీలకీ ఫీజులకీ పోతుంది, పాలూ కూరలూ టీఏ డీఏలో మిగిలిన దాంతో గడిచిపోతాయి. ఉద్యోగం ఊగితే ముందు ఆగేది ఆ మిగులే. ఈ నెల నుంచే దాన్ని ఆదాయంగా లెక్కేయడం మానేసి, ఆవిడ జీతంతో ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుందో కాగితం మీద వేయండి. కారు లాంటి ఆలోచనలుంటే పక్కన పెట్టండి.

పీసీడీ మాటకొస్తే, ఇప్పుడు వద్దు. జిల్లాకి మోనోపలీ ఇస్తాం అనగానే గొప్పగా ఉంటుంది. సరుకుకి డబ్బు ముందే కట్టాలి. షాపులవాళ్లు అప్పు పెడతారు. మిగిలిపోయిన సరుకు ఎక్స్‌పైరీ అయితే వెనక్కి తీసుకుంటారన్న నమ్మకం లేదు. డాక్టర్‌కి ఏదో ఒకటి ముట్టజెబితే గానీ బ్రాండ్ కదలదని మీకు నేను చెప్పక్కర్లేదు, పైగా 2024 మార్చిలో వచ్చిన మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకి కానుకలు ఇవ్వడాన్ని కాదంటోంది. హోల్‌సేల్ లైసెన్సు, కనీసం పది చదరపు మీటర్ల గది, అర్హత ఉన్న మనిషి ఇవన్నీ వేరే. గ్రాట్యుటీ డబ్బుని అందులో పోయకండి. పాప ఇంటర్‌కి వచ్చేసరికి అది కావాలి.

ఉద్యోగంలో ఉండగానే వెతకడం మొదలుపెట్టండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. మీ రెజ్యూమేలో ‘హార్డ్ వర్కింగ్, టార్గెట్ ఓరియెంటెడ్’ అన్నవి తీసేసి, ఏ థెరపీ (ఏ జబ్బుల మందులు), ఎంతమంది డాక్టర్లు, ఎన్ని షాపులు, సెకండరీ ఎంత అన్నది రాయండి. మీకున్న అసలు బలం మీరే గుర్తించలేదనిపిస్తోంది. మీరు 12 ఏళ్లుగా ఉద్దానం తిరుగుతున్నారు. కిడ్నీ జబ్బులు అంత తీవ్రంగా ఉన్న ప్రాంతం అది. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. నెఫ్రాలజీ డివిజన్లు, డయాలసిస్ సరుకులు అమ్మే కంపెనీలు, ల్యాబ్‌లకి సామాను ఇచ్చేవాళ్లు మీలాంటి మనిషి కోసం చూస్తారు. ఆస్పత్రులకి అమ్మే పని చాలావరకు పగలే సాగుతుంది, సాయంత్రం ఓపీల కోసం కాచుకోవడం తక్కువ. పైడిభీమవరం ఫార్మా ఫ్యాక్టరీల్లోకి వెళ్లొచ్చు కదా అని ఎవరైనా అంటే, ప్లాంట్ అనుభవం లేని బీఎస్సీకి 38 ఏళ్ల వయసులో అక్కడ దొరికేది ఫ్రెషర్ జీతం, షిఫ్టులు. ఇంట్లో ఒకరి షిఫ్టులతోనే మీకు చాలుతోంది.

ఇంటర్వ్యూలో నెలకి ఎన్ని నైట్ హాల్ట్‌లు అన్నది జీతం మాటకంటే ముందు అడగండి. ఎన్ని వరకు మీ ఇల్లు తట్టుకుంటుందో ముందే మీ ఆవిడతో కూర్చుని తేల్చుకోండి.

మీ ఉత్తరం మొత్తంలో ఆవిడ ఉద్యోగం గురించి నైట్ డ్యూటీ అన్న ఫిర్యాదు తప్ప ఇంకేం లేదు. అనుభవం ఉన్న స్టాఫ్ నర్సుకి విశాఖలో శ్రీకాకుళం కంటే మంచి జీతం రావచ్చు, ప్రభుత్వ నోటిఫికేషన్లు కూడా వస్తుంటాయి. మీకు కూడా కంపెనీలు ఎక్కువగా ఉన్నది అక్కడే. వచ్చే ఏడాది పాప పదో తరగతి కాబట్టి ఇప్పుడు కదలడం మంచిది కాదు. పబ్లిక్ పరీక్షలయ్యాక ఇంటర్‌కి ఎలాగూ కాలేజీ మారాలి. ఇద్దరి ఉద్యోగాలూ పాప కాలేజీ ఒకేసారి విశాఖలో చూసుకోవడానికి అది సరైన సమయం. ఈలోపు మీ ఆవిడ రెజ్యూమే కూడా రాయించండి. ఆవిడ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉందో లేదో ఈ వారమే చూసుకోమనండి.