బీటెక్ చదివే బాబు పాత వీడియో గేమ్ మెషిన్‌కి గేమ్ రాస్తున్నాడు, మాన్పించాలా?

ప్రశ్న: సార్, మాది ఖమ్మం. మా బాబు బీటెక్ ఈసీఈ సెకండ్ ఇయర్. కొన్ని నెలల నుంచి రాత్రిళ్ళు కూర్చుని నింటెండో వాళ్ళ ఎన్‌ఈఎస్ అనే పాత మెషిన్‌కి కొత్త గేమ్ చేస్తున్నానంటున్నాడు. ఆ మెషిన్ ఎప్పుడో ఆగిపోయిందట కూడా. తోటి పిల్లలంతా పైథాన్, ఏఐ కోర్సులు చేస్తుంటే వీడు దీని మీద పడ్డాడు. దీనివల్ల ఉద్యోగం ఎవరిస్తారు? పైగా ఇప్పుడు ఏదో స్పెషల్ కాసెట్ కొనాలి, డబ్బులివ్వమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మాన్పించకండి. కానీ ఊరికే వదిలేయకండి కూడా, ఒకటి రెండు షరతులు పెట్టండి, అవేంటో చెప్తాను. ముందు మీ బాబు చేసే పని ఏంటో మీకు అర్థం కావాలి, లేకపోతే నేను చెప్పేది కూడా వాడి తరఫు వకాల్తాలాగే అనిపిస్తుంది.

90ల్లో మన ఊళ్ళల్లో టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడేవాళ్ళు గుర్తుందా, పసుపు రంగు కాసెట్లు పెట్టి, ఆ మెషిన్లలో చాలావరకు దీనికి నకళ్ళే. అసలుది 1983లో జపాన్‌లో ఫామికామ్ పేరుతో వచ్చింది, 1985లో అమెరికాలో ఎన్‌ఈఎస్ అయింది. లోపల ప్రాసెసర్ 6502 అనే చిప్‌కి దగ్గరి చుట్టం, స్పీడ్ 1.79 మెగాహెర్ట్జ్, ప్రోగ్రామ్ వాడుకోవడానికి ర్యామ్ 2 కేబీ. మీ ఫోన్‌లో ఒక ఫోటోకి పట్టే చోటులో వెయ్యో వంతు కూడా కాదు. దానికి ఇప్పటికీ ప్రపంచమంతా కొంతమంది సొంతంగా కొత్త గేమ్స్ రాస్తున్నారు, దాన్నే హోమ్‌బ్రూ అంటారు. ఇది గేమ్ ఆడటం కాదమ్మా, ఆ తేడా ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా వాళ్ళ నాన్నగారికి.

ఇక ఉద్యోగం సంగతి. మీ బాబు చదివేది ఈసీఈ. వాళ్ళ సిలబస్‌లో మైక్రోప్రాసెసర్స్ సబ్జెక్ట్ ఉంటుంది, ల్యాబ్‌లో 8086 మీద రెండు నంబర్లు కూడే ప్రోగ్రామ్ టైప్ చేసి, రికార్డ్ రాసి, సంతకం పెట్టించుకుని వస్తారు. చాలామందికి అంతటితో అయిపోతుంది. ఆ తర్వాత ఎంబెడెడ్ కంపెనీ (మెషిన్ల లోపలి చిప్‌లకి ప్రోగ్రామ్ రాసేది) ఇంటర్వ్యూకి వెళ్తే, సీ లాంగ్వేజ్‌లో వోలటైల్ అనే మాట (ఈ విలువ దానంతటదే మారొచ్చు, ప్రతిసారీ మళ్ళీ చదువు అని కంపైలర్‌కి చెప్పేది) ఎందుకు వాడతారని అడుగుతారు, పిల్లలు బట్టీ పట్టిన డెఫినిషన్ చెప్తారు, ఎదుటాయన ఇంకో ప్రశ్న వేయగానే ఆగిపోతారు. నా దగ్గరికి వచ్చే ఈసీఈ పిల్లల్లో ఇది మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను.

ఇప్పుడు మీ బాబు పని దగ్గరికి రండి. ఎన్‌ఈఎస్‌లో బొమ్మలు గీసే చిప్ వేరే ఉంటుంది. టీవీ మీద ఒక ఫ్రేమ్ గీయడం అయిపోయి కిరణం మళ్ళీ పైకి వెళ్ళే ఆ కొద్ది టైమ్‌లోనే ప్రోగ్రామ్ ఆ చిప్ మెమరీని మార్చాలి, అంటే సుమారు 2270 సైకిల్స్ (ప్రాసెసర్ టిక్కులు) లోపల, అలా సెకనుకి 60 సార్లు. టైమ్ దాటితే స్క్రీన్ మీద చెత్త వస్తుంది. ఆ టైమ్ మొదలైందా లేదా అని తెలుసుకోవడానికి హెక్స్‌లో 2002 అనే అడ్రస్ చదవాలి, చదివితే ఒక బిట్ కనిపిస్తుంది, కానీ చదవగానే ఆ బిట్ దానంతటదే సున్నా అయిపోతుంది. అంటే ఊరికే చూడటం కూడా హార్డ్‌వేర్‌ని మార్చేస్తుంది. ఈ ముక్క తెలియకుండా రాస్తే గేమ్ ఒక్కోసారి ఒక ఫ్రేమ్ మిస్సవుతుంది, ఎందుకో అర్థంకాక పిల్లవాడు రెండు రాత్రులు జుట్టు పీక్కుంటాడు. కానీ ఒకసారి దొరికిందంటే వోలటైల్ ఎందుకు, ఇంటరప్ట్ ఎందుకు, రిజిస్టర్ అంటే ఏంటి, ఇవన్నీ వాడికి జీవితంలో మర్చిపోని విధంగా ఎక్కేస్తాయి. ఇప్పటి కారులో, బీపీ మెషిన్‌లో, వాషింగ్ మెషిన్‌లో ఉండే చిన్న చిప్‌లకి ప్రోగ్రామ్ రాసేవాళ్ళ రోజువారీ పని ఇదే రకం.

ఇంకోటి కూడా చెప్తా, ఎందుకంటే ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఆ ప్రాసెసర్‌కి గుణకారం చేసే ఇన్‌స్ట్రక్షనే లేదు, దశాంశాలు అసలే రావు. మరి బొమ్మ ఎగిరి నెమ్మదిగా కిందికి దిగాలంటే? ఎత్తుని రెండు బైట్లలో పెట్టి, ఒక బైట్ పిక్సెల్‌కి, ఇంకో బైట్ పిక్సెల్‌లో 256వ వంతులకి అని పంచుకుని, ప్రతి ఫ్రేమ్‌కీ వేగానికి కొంచెం కొంచెం కలుపుతూ పోవాలి. దీన్ని ఫిక్స్‌డ్ పాయింట్ అంటారు, సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఇవాళ కూడా వాడతారు, మీ బాబుకి డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) సబ్జెక్ట్ వచ్చినప్పుడు ఇది ముందే చేతిలో ఉంటుంది.

హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి చిప్ కంపెనీల ఆఫీసులున్నాయి, బెంగళూరులో ఇంకా ఎక్కువ. ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్), డ్రైవర్లు, డిజైన్ వెరిఫికేషన్ (చిప్ డిజైన్ సరిగ్గా ఉందో పరీక్షించడం), ఈ దారుల్లో వెళ్ళాలనుకునే పిల్లవాడికి పూర్తి చేసిన ఒక ఎన్‌ఈఎస్ గేమ్ మంచి ప్రాజెక్ట్. అలాగని గేమ్ చూపించగానే ఆఫర్ ఇస్తారని చెప్పను. మార్కుల కటాఫ్ ఉంటుంది, బ్యాక్‌లాగ్స్ లేకుండా ఉండాలి, సీ, డేటా స్ట్రక్చర్స్, డిజిటల్ ఎలక్ట్రానిక్స్ గట్టిగా రావాలి. వాడు ఏఐ వైపు వెళ్ళినా ఇది వృథా కాదు గానీ పైథాన్‌కి ప్రత్యామ్నాయం కాదు, పైథాన్ పక్కన నేర్చుకోవాల్సిందే.

ఒకవేళ వాడి మనసులో గేమ్ కంపెనీలో చేరాలనే ఉంటే, అది నేరుగా అడగండి. అక్కడ సీ ప్లస్ ప్లస్, యూనిటీ లేదా అన్‌రియల్ (గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లు), లీనియర్ ఆల్జీబ్రా అడుగుతారు, ఎన్‌ఈఎస్ గేమ్ ఒక్కటే సరిపోదు. హోమ్‌బ్రూ అమ్మి బతకడం మాత్రం లెక్కలో పెట్టుకోవద్దు. మార్ఫ్‌క్యాట్ అనే చిన్న టీమ్ 2019లో మైక్రో మేజెస్ అనే గేమ్ తెచ్చింది, మొత్తం గేమ్ 40 కేబీలో కుదిరింది, నలుగురు కలిసి ఆడొచ్చు, జనం ముందుగానే డబ్బులు పెట్టి దాన్ని నిలబెట్టారు. అలాంటివి ఉన్నాయి, కానీ అరుదు.

ఇప్పుడు షరతులు. మొదటిది, చిన్న గేమ్. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది పెద్ద కథ, ఇరవై లెవెల్స్, బాస్ ఫైట్లు అని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. ఒకే స్క్రీన్, ఒక హీరో, రెండు రకాల శత్రువులు, స్కోరు, గేమ్ ఓవర్, మళ్ళీ స్టార్ట్, ఇంతే చాలు. ప్రోగ్రామ్‌కి 32 కేబీ, బొమ్మలకి 8 కేబీ, ఇది అన్నిటికన్నా సింపుల్ కాసెట్ సైజు, దానిలోనే కుదిరించమనండి. బొమ్మలు, మ్యూజిక్ వాడివే అయ్యుండాలి, మారియో బొమ్మలు తెచ్చి పెడితే కాపీరైట్ గొడవ, పైగా రెజ్యూమేలో చూపించుకోలేడు.

నేర్చుకునే వరస కూడా చెప్తా, ఇది బాబుకి చదివి వినిపించండి. సీ కంపైలర్ ఉంది, సీసీ65 అని, అయినా మొదట అసెంబ్లీలోనే (ప్రాసెసర్ సొంత ఇన్‌స్ట్రక్షన్లలో) చెయ్ నాన్నా, దానితో పాటు వచ్చే సీఏ65 అసెంబ్లర్ చాలు. మెసెన్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఎన్‌ఈఎస్‌లా నడిచే ప్రోగ్రామ్) పెట్టుకో, దానిలో డీబగ్గర్ (తప్పులు వెతికే సాధనం) చాలా బాగుంటుంది, ఏ ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడు నడిచిందో, మెమరీలో ఏముందో అన్నీ ఆపి చూడొచ్చు. ముందు బ్యాక్‌గ్రౌండ్ రంగు ఒక్కటి మార్చు. తర్వాత ఒక స్ప్రైట్ (స్క్రీన్ మీద కదిలే చిన్న బొమ్మ), తర్వాత కంట్రోలర్‌తో దాన్ని కదిపించు, తర్వాత గోడకి తగిలితే ఆగడం. ఒకే వరసలో 8 స్ప్రైట్లే కనిపిస్తాయి, తొమ్మిదోది మాయమవుతుంది, పాత గేమ్స్‌లో బొమ్మలు మిణుకుమిణుకుమనడానికి కారణం ఎక్కువగా ఇదే, ఫ్రేమ్‌కో రకంగా వరస మార్చి చూపించేవాళ్ళు, అది నువ్వు కూడా చెయ్యి. సౌండ్ చివర్లో పెట్టుకో, మ్యూజిక్ చేసుకునే ఫామిస్టూడియో ఫ్రీగా దొరుకుతుంది. కోడ్ మొదటి రోజు నుంచీ గిట్‌హబ్‌లో (కోడ్ దాచి అందరికీ చూపించే వెబ్‌సైట్) పెట్టు, కష్టపడి పట్టుకున్న రెండు మూడు బగ్స్ గురించి నీ మాటల్లో అక్కడే రాసిపెట్టు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు గేమ్ ఆడరు, అది చదువుతారు.

రెండో షరతు మీకు తెలిసిందే, అటెండెన్స్, సెమిస్టర్ పరీక్షలు. పరీక్షలకి నెల ముందు ఇది ఆపాలి, సెలవుల్లో ఎంతసేపైనా చేసుకోవచ్చు. రాత్రి రెండింటి దాకా కూర్చోవడం మాత్రం ఒప్పుకోకండి, నిద్రలేని బుర్రతో అసెంబ్లీ రాస్తే తప్పులే పెరుగుతాయి.

కాసెట్ డబ్బుల విషయం. వాడు అడిగేది ఫ్లాష్ కార్ట్రిడ్జ్ అయ్యుంటుంది, సొంత గేమ్‌ని మెమరీ కార్డ్‌లో వేసి అసలు మెషిన్‌లో ఆడించేది. ఇప్పుడే అవసరం లేదు, కంప్యూటర్‌లో మొత్తం పని ఉచితంగా అయిపోతుంది. కానీ గేమ్ మొదటి నుంచి గేమ్ ఓవర్ దాకా ఎమ్యులేటర్‌లో నడిచిన రోజు కొనివ్వండి, అప్పుడు దానికి అర్థం ఉంది. అసలు మెషిన్ ఆన్ చేసినప్పుడు ర్యామ్‌లో ఏ విలువలు ఉంటాయో నమ్మకం లేదు, కంప్యూటర్‌లో సున్నాలుంటాయని అలవాటుపడ్డ ప్రోగ్రామ్ అక్కడ బోల్తా కొడుతుంది, పాల్ (యూరప్ లాంటి చోట్ల వాడిన టీవీ పద్ధతి) మెషిన్ అయితే సెకనుకి 60 బదులు 50 ఫ్రేములే వస్తాయి, గేమ్ నెమ్మదిస్తుంది. అవి సరిచేయడం కూడా నేర్చుకోవాల్సిందే. ఈ ఆదివారం బాబు పక్కన కూర్చుని ఇప్పటిదాకా ఏం నడుస్తోందో చూపించమనండి, బొమ్మ కంట్రోలర్‌తో కదులుతోందా, గోడ దగ్గర ఆగుతోందా చూడండి. నెలల తర్వాత కూడా ఆ రెండూ లేకపోతే ట్యుటోరియల్స్ చూడటం తగ్గించి చేత్తో రాయడం మొదలుపెట్టమని చెప్పండి, తర్వాత ఏమైందో నాకు మళ్ళీ రాయండి.