యాభై దాటితే ఇంటికే అన్న భయంతో అమ్మాయి దారి మార్చకండి

ప్రశ్న: నేను కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గ్రూప్-బి ఉద్యోగిని. వయసు 51. మూడేళ్ల క్రితం ప్రమోషన్ వచ్చింది. మా అమ్మాయి బీకాం ఫైనలియర్, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి (డిగ్రీ అర్హతతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే పరీక్ష) చదువుతానంటోంది. 50 దాటినవాళ్లని 56(జె) అనే సర్వీసు నిబంధన కింద ముందే రిటైర్ చేసి పంపేస్తుంటే ఇక ప్రభుత్వ ఉద్యోగానికి భద్రత ఏముంది? డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చట. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: ఆఫీసుల్లో రివ్యూ కమిటీ (ఎవరిని ఇలా ముందే పంపాలో చూసే కమిటీ) అన్న మాట వినపడ్డప్పుడల్లా నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. అడిగేది పిల్లల గురించి, టెన్షన్ మాత్రం తమ గురించి. అందుకని ముందు మీ సంగతే చూద్దాం.

56(జె) శిక్ష కాదు. క్రమశిక్షణ నియమాల కింద విచారణ జరిపి శిక్షగా వేసే కంపల్సరీ రిటైర్మెంట్ వేరు. క్యాంటీన్ కబుర్లలో రెండూ కలిసిపోతాయి. 56(జె) కింద పంపినా మీ పెన్షన్ పోదు. మూడు నెలల నోటీసో, ఆ మూడు నెలల జీతమో ఇవ్వాలి. 35 ఏళ్లలోపు సర్వీసులో చేరిన గ్రూప్-ఎ, బి వాళ్లకి 50 దాటాక, మిగతావాళ్లకి 55 దాటాక ఇది వర్తిస్తుంది.

2020 ఆగస్టు 28న కేంద్రం ఇచ్చిన మెమో ఒకటుంది, తెప్పించుకుని చదవండి. సర్వీసు రికార్డు మొత్తం చూసినా, గత అయిదేళ్ల పని సంతృప్తికరంగా ఉంటే పనితీరు బాగాలేదన్న కారణంతో సాధారణంగా పంపకూడదు. ఈ అయిదేళ్లలో ప్రమోషన్ వచ్చి ఉంటే పై పోస్టులో పని ఎలా ఉందన్నదే చూడాలి. మీకు ప్రమోషన్ వచ్చి మూడేళ్లే. ఆ తర్వాతి ఏపీఏఆర్‌లు (ఏటా రాసే పనితీరు నివేదికలు) బాగుంటే మీరు నిద్ర మానుకోవాల్సిన అవసరం నాకు కనపడటం లేదు. నిజాయితీ మీద అనుమానంతో పంపితే మాత్రం ఈ అయిదేళ్ల లెక్క అడ్డురాదు. ఆ విషయం మీకే తెలియాలి.

కోర్టు కాపాడుతుందా? కొంతవరకే. 1992లో బైకుంఠనాథ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు, ఇది శిక్ష కాదు కాబట్టి ముందుగా సంజాయిషీ అడగక్కర్లేదంది. ఉద్యోగికి తెలియజేయని ప్రతికూల వ్యాఖ్యల్ని లెక్కలోకి తీసుకున్నంత మాత్రాన ఉత్తర్వు చెల్లకుండా పోదని కూడా అంది. కానీ దురుద్దేశం ఉన్నా, ఆధారమే లేకపోయినా జోక్యం చేసుకుంటామంది. 2001లో గుజరాత్‌కి చెందిన ఉమేద్‌భాయ్ పటేల్ విషయంలో అలాగే చేసింది. ఆయన సస్పెన్షన్‌లో ఉన్నారు, రిటైర్మెంట్‌కి రెండేళ్లు కూడా లేవు, రికార్డులో ప్రతికూల వ్యాఖ్యలు లేవు, రివ్యూ కమిటీ సిఫారసూ లేదు. శాఖాపరమైన విచారణ తప్పించుకోవడానికి దీన్ని అడ్డదారిగా వాడకూడదని కోర్టు తేల్చింది. ఉత్తర్వు అందితే మూడు వారాల్లో రిప్రజెంటేషన్ పెట్టుకోవాలి, ఆ తర్వాత క్యాట్‌కి (కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రిబ్యునల్) వెళ్లొచ్చు. త్వరగా తేలుతుందని మాత్రం ఆశ పెట్టలేను.

అందరినీ ఒక్కసారే పంపేయడం మన దగ్గరే జరిగింది. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. 18 వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులు ఆ నెలాఖరుకే ఇళ్లకి వెళ్లారు. 1985 జనవరిలో కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఈలోగా 1984 ఆగస్టులోనే వయసు మళ్లీ 58 అయింది. మధ్యలో ఇంటికెళ్లినవాళ్లని ఆ ప్రయోజనానికి దూరం పెట్టడాన్ని ప్రభాకరరావు కేసులో అదే కోర్టు తప్పుపట్టింది. ఒక్కరి మీద కక్షతో చేస్తే కోర్టులో నిలవడం కష్టం, అందరికీ కలిపి విధానమంటే నిలుస్తుంది. మరి ఇప్పుడు ఆ వయసు ఎటు పోతోందో చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61.

ఇక డేటా సైన్స్. చదువు మీద నాకు కోపం లేదు, అమ్మే పద్ధతి మీదే అనుమానం. నాలుగు టూల్స్ నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. కంపెనీ ఇంటర్వ్యూలో అడిగేది స్టాటిస్టిక్స్, కోడింగ్, తను సొంతంగా చేసిన పని. అక్కడ ఇంజనీరింగ్, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పిల్లలతో పోటీ. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న మాటకి కింద చిన్న అక్షరాల్లో ఏం రాశారో అడిగారా? వాయిదాలంటే చాలాసార్లు అది ఏదో ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. కోర్సు నచ్చక అమ్మాయి మానేసినా కిస్తీ ఆగదు. పైగా భద్రత కోసమే కదా మీరు ఇదంతా అడుగుతున్నది! సాఫ్ట్‌వేర్ కంపెనీ తీసేస్తే రివ్యూ కమిటీ ఉండదు, క్యాట్ ఉండదు. ఆఫర్ లెటర్‌లో రాసిన నోటీసు గడువు జీతం చేతిలో పెట్టి పంపుతారు, దానికి 50 ఏళ్లు నిండక్కర్లేదు. మీ ఆఫీసు భయాన్ని తీసుకెళ్లి 20 ఏళ్ల పిల్ల నెత్తిన పెట్టడం న్యాయం కాదండీ. ఆ అమ్మాయి ఏం చదవాలనుకుంటోందో మీకు చెప్పింది. మీరు నన్ను అడుగుతున్నారు.

పోల్చమన్నారు కాబట్టి, మీకూ అమ్మాయికీ అసలు తేడా పెన్షన్‌లో ఉంది. 2004 జనవరి 1 నుంచి కేంద్ర సివిల్ ఉద్యోగాల్లో చేరినవాళ్లకి పాత పెన్షన్ లేదు. ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) ఉంది, 2025 ఏప్రిల్ నుంచి కావాలంటే యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) ఎంచుకోవచ్చు. యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం వస్తుంది. 56(జె) కింద పంపితే, పంపిన రోజు నుంచే ఇస్తారు. 23 ఏళ్లకి చేరిన అమ్మాయికి 50 వచ్చేసరికి 27 ఏళ్ల సర్వీసు. మీరు భయపడుతున్నదే జరిగినా ఇప్పటి నిబంధనల ప్రకారం చేతిలో అది ఉంటుంది. అంతదూరం ఇప్పుడే ఆలోచించడం కూడా ఎక్కువే అనుకోండి.

సీజీఎల్ వచ్చేస్తుందని నేను అనడం లేదు, పోటీ గట్టిది. ఒక గడువు పెట్టుకుని, డిగ్రీ పాడవకుండా చదవాలి. కోర్సు కాగితాల మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి: పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేస్తే లెక్కల్లో ఎంత వస్తున్నాయో, సెలక్ట్ కాకపోతే ఏం చేద్దామనుకుంటోందో. బీకాం కాబట్టి సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) సంగతి ఆలోచించిందా అని కూడా నాకు తెలుసుకోవాలనుంది.