నురగ రాని సబ్బు, గార పట్టే గీజర్: కఠిన జలంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా పట్టణంలో కొంతకాలంగా కుళాయిలకు బోరు నీళ్లు వదులుతున్నారు. అప్పటి నుంచి సబ్బు ఎంత రుద్దినా నురగ రావడం లేదు. ఉతికిన బట్టలు బిరుసెక్కుతున్నాయి, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి గార కడుతోంది, గీజర్ వేడెక్కడానికి మునుపటికంటే ఎక్కువ సేపు పడుతోంది. ఈ నీళ్లు తాగితే మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడతాయని కొందరు, పటిక వేస్తే చాలని కొందరు, ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యాన్ని తీసే పరికరం) పెట్టించాల్సిందేనని మరికొందరు చెబుతున్నారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ఎవరి మాట వినాలో తెలియజేయగలరు.

జవాబు: అమ్మా, మీరు రాసిన ఇబ్బందులన్నింటికీ మూలం ఒక్కటే, నీటి కాఠిన్యం. వాననీరు నేలలోకి ఇంకుతూ మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాయి, డోలమైట్ వంటి శిలల గుండా సాగేటప్పుడు వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. రాతిపొరల్లో ఎక్కువకాలం నిలిచినందువల్లనే బోరు నీటిలో కాఠిన్యం సాధారణంగా నది నీటికంటే ఎక్కువగా ఉంటుంది. దీన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అనే లెక్కలో చెబుతారు. వాడుకలో ఉన్న ఒక వర్గీకరణ ప్రకారం 60 లోపు ఉంటే మెత్తని నీరు, 120 వరకు ఓ మోస్తరు, 180 వరకు కఠినం, ఆపైన ఉంటే మిక్కిలి కఠినం.

ముందు సబ్బు సంగతి చూద్దాం. సబ్బు నీటిలోని కాల్షియంతో కలిసినప్పుడు కరగని జిగట ముద్దగా మారిపోతుంది. బకెట్ అంచున బూడిదరంగు గీతలా పేరుకునేదీ, బట్టల పోగుల మధ్య చిక్కుకొని వాటిని బిరుసుగా చేసేదీ, తలస్నానం తర్వాత జుట్టును పీచులా మార్చేదీ ఆ ముద్దే. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అంతా ఇలా ఖర్చయ్యేదాకా నురగ నిలవదు. రసాయన లెక్క ప్రకారం ఒక గ్రాము కాఠిన్యం దాదాపు ఆరు గ్రాముల సబ్బును పనికిరాకుండా చేస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీటిని 20 లీటర్ల బకెట్‌లో పడితే, మురికి మీద పనిచేయడం మొదలుపెట్టే ముందే సుమారు 36 గ్రాముల సబ్బు వృథా అవుతుందన్నమాట. అందువల్ల బట్టలకు సబ్బు బదులు డిటర్జెంట్ వాడండి. అది కాల్షియంతో అలా ముద్దకట్టదు, పైగా చాలా పొడుల్లో కాఠిన్యాన్ని అణచే పదార్థాలు కూడా కలిపి ఉంటాయి. సబ్బే వాడక తప్పదనుకుంటే నీటిలో ముందుగా కొద్దిగా బట్టల సోడా కలిపి కరిగించండి. కాల్షియం సోడాతో కలిసి అడుగుకు చేరుతుంది, సబ్బు మిగులుతుంది.

గీజర్ విషయం ఇంతకంటే ఖరీదైనది. కాఠిన్యంలో రెండు రకాలున్నాయి. బైకార్బొనేట్ల వల్ల వచ్చేదాన్ని తాత్కాలిక కాఠిన్యం అంటారు. నీరు వేడెక్కినప్పుడు ఆ బైకార్బొనేట్ విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారి, వేడి తగిలేచోటే అంటుకుంటుంది. మీ గిన్నె అడుగున కనిపించే గార అదే. గీజర్ లోపలి కాయిల్‌ను ఆ పొర దుప్పటిలా కప్పేయడంతో వేడి నీటికి త్వరగా అందదు, కాయిల్ మాత్రం అతిగా వేడెక్కి తొందరగా కాలిపోతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ గార కూడా ఎక్కువగా కడుతుంది కనుక గీజర్‌ను ఎప్పుడూ గరిష్ఠ స్థాయిలో ఉంచకండి. మెకానిక్ చేత కాయిల్ తీయించి గార తొలగించడాన్ని అది కాలిపోయేదాకా వాయిదా వేయవద్దు. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే శాశ్వత కాఠిన్యం మరిగించినా పోదు. మీ నీటిలో ఏది ఎక్కువో తెలుసుకోవడానికి కొంత నీటిని బాగా మరిగించి, చల్లార్చి, వడకట్టండి. ఒక సీసాలో ఆ నీరు, మరో సీసాలో మరిగించని నీరు సమానంగా పోసి, సబ్బు తురుము సమానంగా వేసి కుదపండి. మరిగించిన నీటిలో నురగ స్పష్టంగా ఎక్కువగా వస్తే తాత్కాలిక కాఠిన్యం పాలు పెద్దదని అర్థం. ఈ పరీక్షకు డిటర్జెంట్ పనికిరాదు.

ఇక ఆరోగ్యం. మిమ్మల్ని భయపెట్టినవారి మాట పట్టించుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి కాఠిన్యానికి ఆరోగ్య కారణాలతో ఎలాంటి పరిమితినీ విధించలేదు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి అవసరమైన ఖనిజాలు. కఠిన జలం వల్లే మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడతాయని నిర్ధారణ కాలేదు. నీరు తక్కువగా తాగడం మాత్రం రాళ్లకు ప్రధాన కారణాల్లో ఒకటి. రుచి నచ్చక, లేదా భయంతో ఇంట్లోవాళ్లు నీళ్లు తాగడం తగ్గించారేమో గమనించండి, నాకు అసలు ఆందోళన అదే. ఇప్పటికే రాళ్ల సమస్య ఉన్నవారు తమ వైద్యుల సలహా ప్రకారం నడుచుకోవాలి. పిల్లల చర్మం పొడిబారడం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. కఠిన జలం ఉన్న ప్రాంతాల్లో పిల్లలకు ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే వ్యాధి) కొంత ఎక్కువగా కనిపిస్తున్నదని పరిశీలనలు చెబుతున్నాయి. అయితే ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్లలో సాఫ్ట్‌నర్లు అమర్చి చూసిన ఇంగ్లండ్ పరిశోధన ఫలితాలు 2011లో వెలువడినప్పుడు, వాటివల్ల వ్యాధి తగ్గడంలో అదనపు మేలు కనబడలేదు. కేవలం చర్మం కోసమే సాఫ్ట్‌నర్ కొనమని నేను చెప్పలేను.

పటిక నీటిలోని మట్టిని ముద్దకట్టించి అడుగుకు దించుతుందే తప్ప కాల్షియాన్ని తీసేయదు. సాఫ్ట్‌నర్ మాత్రం నిజంగా పనిచేస్తుంది. దాని లోపలి రెసిన్ గుళికలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని వాటి స్థానంలో సోడియంను వదులుతాయి, గుళికల శక్తి తగ్గినప్పుడల్లా ఉప్పునీటితో వాటిని శుభ్రం చేయాలి. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం తీసివేస్తే లీటరుకు దాదాపు 138 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవారికి, పసిపిల్లలకు పాలపొడి కలపడానికి, మొక్కలకు ఆ నీరు తగదు. కాబట్టి ముందుగా నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కాఠిన్యం మిక్కిలి ఎక్కువని తేలితే గీజర్‌కు, వాషింగ్ మెషిన్‌కు వెళ్లే పైపుకు మాత్రమే సాఫ్ట్‌నర్ పెట్టించి, వంటింటి కుళాయిని యథాతథంగా ఉంచండి. ఇల్లంతటికీ అవసరం లేదు.

ప్రశ్న: సాఫ్ట్‌నర్ పెట్టించాక కూడా మా టీడీఎస్ మీటరులో అంకె తగ్గలేదు. మమ్మల్ని మోసం చేశారా?

జవాబు: మోసం జరిగిందని దీన్నిబట్టి చెప్పలేం. ఆ మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి, కరిగి ఉన్న లవణాలన్నింటినీ కలిపి ఒక అంచనా అంకె చూపిస్తుంది. సాఫ్ట్‌నర్ లవణాలను తీసివేయదు, కాల్షియం బదులు సోడియంను ఉంచుతుంది, అందువల్ల అంకె దాదాపు అలాగే ఉంటుంది. కాఠిన్యం పరీక్ష కిట్ తీసుకోండి. అందులోని ద్రావణాన్ని చుక్కలుగా వేస్తుంటే నీటి రంగు ఎరుపు నుంచి నీలానికి మారుతుంది, మారడానికి ఎన్ని చుక్కలు పట్టాయన్నదాన్నిబట్టి కాఠిన్యం తెలుస్తుంది. సాఫ్ట్‌నర్‌కు ముందు, తర్వాత పట్టిన నీటిని పోల్చి చూస్తే మీ సందేహం తీరుతుంది.

ప్రశ్న: షవర్ రంధ్రాలు తెల్లగా పూడుకుపోయాయి. నేలమీద, కుళాయిలమీద కూడా మరకలు ఉన్నాయి. యాసిడ్‌తో కడగవచ్చా?

జవాబు: ఘాటైన యాసిడ్ వద్దు, అది కుళాయిల మెరుగుపూతను తినేస్తుంది. గోరువెచ్చని నీటిలో నిమ్మఉప్పు కరిగించి, లేదా వెనిగర్ పోసి, షవర్ తలను విప్పి అందులో నానబెట్టండి. చిన్న బుడగలు వస్తూ గార కరుగుతుంది, ఆపైన పాత బ్రష్‌తో రుద్ది కడగండి. పాలరాయి నేలకు మాత్రం వెనిగర్ గానీ నిమ్మఉప్పు గానీ తగలనివ్వకండి. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే కనుక గారతోపాటు రాయి మెరుగు కూడా పోతుంది. బ్లీచింగ్ ద్రావణంతో కడిగిన చోట వెంటనే వీటిని వాడవద్దు, రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.