గ్రాఫిక్ డిజైన్ చదువు: కరపత్రం చూసి సీటు తీసుకోవచ్చా?

గ్రాఫిక్ డిజైన్ కోర్సు ఎంపిక గురించి ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఎంచుకొని, వాటికి ఒకేచోట జవాబిస్తున్నాము.

ప్రశ్న: నేను రైస్‌మిల్లులో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ చదువుతున్నది. బొమ్మలు బాగా వేస్తుంది, గ్రాఫిక్ డిజైనే చదువుతానని పట్టుబడుతున్నది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సంస్థ వారు ఫోన్ చేసి, మూడేళ్ల బీఎస్సీలో 18 సాఫ్ట్‌వేర్లు నేర్పుతామని, నూటికి నూరు శాతం ఉద్యోగం ఇప్పిస్తామని, ఈ నెలలోనే 50 వేల రూపాయలు కట్టి సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ ఉంటుందని చెబుతున్నారు. తెలిసినవారేమో బీఎఫ్‌ఏ అని ఒకరు, బీ.డెస్ అని ఒకరు అంటున్నారు. ఏది చూసి నిర్ణయించుకోవాలి?
— ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ముందుగా, ఆ 50 వేల రూపాయలు ఇప్పుడు కట్టకండి. ఇంటర్ పరీక్షలే ఇంకా రాయని అమ్మాయికి సీటు అయిపోతుందని భయపెట్టడం వ్యాపారమే తప్ప చదువు చెప్పేవారి పద్ధతి కాదు. డిగ్రీ ఇచ్చే అధికారం యూజీసీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు చట్టం ద్వారా ఆ అధికారం పొందిన సంస్థలకు మాత్రమే ఉంటుంది. కాబట్టి మీ అమ్మాయి పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరు ఉంటుందో, హైదరాబాద్‌లో ఈ కోర్సు నడిపే అనుమతి దానికి ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. ఎక్కడో దూరపు రాష్ట్రంలోని విశ్వవిద్యాలయం పేరు చెప్పి మాట దాటవేస్తే ఆ బేరం అక్కడితో ముగించవచ్చు.

ఇక డిగ్రీల పేర్ల సంగతి. గ్రాఫిక్ డిజైన్ అన్న పేరుతోనే కోర్సు ఉండాలని వెతికేవారు మంచి కోర్సులను చూడకుండానే దాటిపోతుంటారు. లలితకళల కళాశాలల్లో ఈ చదువు అప్లైడ్ ఆర్ట్ లేదా విజువల్ కమ్యూనికేషన్ పేరుతో బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీలో ఉంటుంది. డిజైన్ సంస్థల్లో కమ్యూనికేషన్ డిజైన్ పేరుతో బీ.డెస్, అంటే డిజైన్ డిగ్రీలో ఉంటుంది. రెండూ నాలుగేళ్ల కోర్సులే. బీఎఫ్‌ఏలో గీతకు, రంగుకు, చేతి పనికి ఎక్కువ సమయం దొరుకుతుంది. బీ.డెస్‌లో మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి పునాది వేసి, ఆ తర్వాత ఒక సమస్యను పరిశీలించడం, వాడేవారితో మాట్లాడడం, పరిష్కారాన్ని రూపొందించి పరీక్షించడం అనే క్రమానికి ప్రాధాన్యం ఇస్తారు. వీటిలో ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ అని నేను అనను. బొమ్మ గీయడమే ప్రాణంగా ఉన్న అమ్మాయికి బీఎఫ్‌ఏ, బొమ్మతో పాటు ఎందుకు, ఎవరికోసం అని ప్రశ్నలు వేసే అమ్మాయికి బీ.డెస్ ఎక్కువ నప్పుతాయని మాత్రం చెప్పగలను. మూడేళ్ల బీఎస్సీ మల్టీమీడియా కోర్సుల్లో మంచివి లేవని కాదు, కానీ 18 సాఫ్ట్‌వేర్ల జాబితాను సిలబస్‌గా చూపే కోర్సు నాకు నమ్మకం కలిగించదు. ఏటా మారిపోయే పనిముట్లను వరుసగా పరిచయం చేస్తూ పోతే, అక్షరం, ఖాళీ స్థలం, రంగుల పొందిక నేర్పడానికి సమయం మిగలదు.

మీకు అందుబాటులో ఉన్న వాటిలో మొదట చూడవలసింది హైదరాబాద్ మాసాబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. విశ్వవిద్యాలయంగా 2008లో ఏర్పడినా, అందులోని లలితకళల కళాశాల మూలాలు నిజాం కాలంలో, 1940లో వెలసిన చిత్రకళా పాఠశాల వరకు వెళ్తాయి. అక్కడి బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్‌లో ప్రవేశానికి ఫాడీ అనే పరీక్ష రాయాలి, అందులో జ్ఞాపకం నుంచి బొమ్మ గీసి రంగులు వేయవలసి ఉంటుంది. సాధారణ డిగ్రీ సీట్లు ఇచ్చే దోస్త్‌లో ఈ కోర్సు కోసం వెతకవద్దు. రెండోది, సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ బీ.డెస్. దీనికి ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్ష రాయాలి. మూడోది గుంటూరు జిల్లాలో ఉన్న ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ). మిర్యాలగూడలో రైలెక్కితే నడికుడి మీదుగా గుంటూరు చేరవచ్చు కాబట్టి, పొరుగు రాష్ట్రమని మీరు దాన్ని పక్కన పెట్టనక్కరలేదు. 1961లో అహ్మదాబాద్‌లో స్థాపించిన ఎన్‌ఐడీ తరహాలోనే, 2015లో మొదలైన ఈ సంస్థలో కూడా కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. మాదాపూర్‌లోని నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో ఫ్యాషన్ కమ్యూనికేషన్ కోర్సులో గ్రాఫిక్ డిజైన్ వాటా చాలానే ఉంటుంది గాని, ఫ్యాషన్ రంగం మీద ఆసక్తి లేని విద్యార్థికి అది సరిపడదు.

మన ప్రాంతపు పిల్లలు ఎక్కువగా నష్టపోయేది తెలివి లేక కాదు, తేదీలు తెలియక. యూసీడ్ దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో మొదలవుతాయి, పరీక్ష జనవరిలో జరుగుతుంది. ఎన్‌ఐడీ, నిఫ్ట్ దరఖాస్తులు కూడా చలికాలంలోనే ముగిసిపోతాయి. ఇంటర్ ఫలితాలు వచ్చాక చూద్దామని ఏప్రిల్ వరకు ఆగిన కుటుంబానికి అప్పటికి మిగిలేది ఫాడీ, దానితో పాటు ఇలా ఫోన్లు చేసే ప్రైవేటు సంస్థలు. యూసీడ్‌ను ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా రాయవచ్చు కాబట్టి సీఈసీ అడ్డంకి కాదు. అయితే వరుసగా రెండు సంవత్సరాలకు మించి రాయనివ్వరు కాబట్టి ఈ ఏడాది అవకాశాన్ని వదులుకోవద్దు.

అమ్మాయిని వెంటబెట్టుకొని వెళ్లి కళాశాలను స్వయంగా చూడండి. వీలైతే చివరి సంవత్సరం విద్యార్థుల పనులను ప్రదర్శనకు పెట్టే రోజుల్లో వెళ్లండి. అందరి పోస్టర్లూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటే అక్కడ నేర్పుతున్నది అనుకరణ అని అనుకోవచ్చు. ఒకరి పని ఇంకొకరి పనిని పోలకుండా, ప్రతి దాని వెనుక చిత్తు గీతల కట్ట ఉంటే గురువులు పని చేయిస్తున్నారని అర్థం. రెండో సంవత్సరపు టైమ్‌టేబుల్ అడిగి, వారంలో స్టూడియోలో గడిపే గంటలెన్నో లెక్క వేయండి. పూర్తికాలపు అధ్యాపకులు ఎందరు, వారు స్వయంగా ఏం రూపొందించారు అని అడగడానికి మొహమాటపడకండి. ఉద్యోగాల హామీ విషయంలో శాతాలు వినకుండా, నిరుటి బ్యాచ్‌లో ఏ విద్యార్థి ఎక్కడ, ఏ పనిలో చేరారో చూపమనండి, ఆ విద్యార్థులలో ఇద్దరితో మాట్లాడండి. డేటా ఎంట్రీలో చేరినవారిని కూడా డిజైనర్ల లెక్కలో కలిపే సంస్థలు ఉంటాయి.

నేనైతే ఇంకొకటి కూడా చూస్తాను: అక్షరాన్ని ఎలా నేర్పుతున్నారని. గ్రాఫిక్ డిజైన్‌లో సగం బరువు అక్షరం మీదే ఉంటుంది. 2010లో ఆమోదం పొందిన మన రూపాయి చిహ్నాన్ని రూపొందించిన డి. ఉదయకుమార్ ఐఐటీ బొంబాయిలో తమిళ అక్షర రూపాల మీద పరిశోధన చేసినవారు కావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు వస్తాయి కాబట్టి, ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. స్త్రీ, రాష్ట్రం వంటి మాటలున్న శీర్షికను విద్యార్థులు ఎలా అమర్చారో చూస్తే ఆ విభాగపు స్థాయి కొంతవరకు తెలిసిపోతుంది. తెలుగు పనే ఒక్కటీ కనిపించకపోతే కారణం అడగండి.

ఖర్చు గురించి మీరు అడగలేదు గాని, అది ముందే చూసుకోవలసిన విషయం. ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఫీజుకూ ప్రైవేటు ఫీజుకూ పోలికే ఉండదు. ఎన్‌ఐడీ, ఐఐటీ ఫీజులు నాలుగేళ్లకు లక్షల్లోనే ఉంటాయి, అయితే అక్కడ కుటుంబ ఆదాయాన్ని బట్టి రాయితీలు, ఉపకార వేతనాలు ఉంటాయి. ఏ కళాశాల అయినా, ఆ కళాశాలతో పాటు ఆ కోర్సు కూడా ప్రభుత్వ ఉపకార వేతనాల వెబ్‌సైట్ ఈ-పాస్‌లో బోధన రుసుము చెల్లింపుకు నమోదై ఉందో లేదో మీరే చూసుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట నమ్మవద్దు. బొమ్మలేస్తే పూట గడుస్తుందా అనే బంధువులకు, తెలంగాణ రాజముద్రను 2014లో రూపొందించిన ఏలె లక్ష్మణ్ ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పుట్టినవారేనని చెప్పండి. దానితో వారి సందేహం తీరుతుందని కాదు గాని, కాసేపు ఊరుకుంటారు.

ప్రశ్న: బీకాం పూర్తిచేసి ఆరేళ్లుగా ఫ్లెక్సీ, డీటీపీ దుకాణంలో పనిచేస్తున్నాను. ఫోటోషాప్, కోరల్‌డ్రా, పేజ్‌మేకర్ బాగా వచ్చు. పెళ్లి పత్రికలు, రాజకీయ ఫ్లెక్సీలు తప్ప వేరే పని దొరకడం లేదు. ఇప్పుడు మళ్లీ నాలుగేళ్ల డిగ్రీ చదవాలా?
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: చదవనక్కరలేదు. ఇంటర్ అయి చాలా ఏళ్లయింది కాబట్టి యూసీడ్‌కు మీరు అర్హులు కారు. మీ దారి పీజీ. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ ఉన్న ఎవరైనా, ఏ సబ్జెక్టు చదివినా, సీడ్ అనే పరీక్ష రాసి ఐఐటీలలో ఎం.డెస్‌కు దరఖాస్తు చేయవచ్చు. దీన్ని కూడా ఐఐటీ బొంబాయే జనవరిలో నిర్వహిస్తుంది, దీనికి వయోపరిమితి లేదు. సీడ్‌లో అర్హత వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, ఒక్కో ఐఐటీకి విడిగా దరఖాస్తు చేసి వారి పరీక్షకు, ఇంటర్వ్యూకు హాజరు కావాలి. ఎంఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్‌కు సాధారణంగా బీఎఫ్‌ఏ అడుగుతారు కాబట్టి అది మీకు కుదరదు. ఫలితం తేలే వరకు దుకాణం పని మానవద్దు.

మీకున్న అనుభవాన్ని మీరే తక్కువగా చూస్తున్నారు. తెర మీద మెరిసిన ఆకుపచ్చ రంగు అచ్చులో ఎందుకు మందగిస్తుందో, ఫ్లెక్సీ మీద ఎంత దూరం నుంచి ఎంత అక్షరం కనబడుతుందో మీకు చేతి పనిగా తెలుసు. చాలామంది డిగ్రీ విద్యార్థులకు అది చివరి సంవత్సరంలో గాని తెలియదు. మీకు లోటుగా ఉన్నది, ఒక పనిని ఎందుకలా చేశారో వివరించగలగడం. ఇంటర్వ్యూలో అడిగేది అదే. ఇప్పటికే చేసిన ఒక పెళ్లి పత్రికను తీసుకొని, వయసు మళ్లిన బంధువులు కూడా కళ్లద్దాలు లేకుండా ముహూర్తం, ఊరు, ఫంక్షన్ హాలు చదువుకోగలిగేలా తిరిగి రూపొందించండి, నలుగురి చేత చదివించి చూడండి, మార్పులన్నీ దాచిపెట్టండి.

ఇంకొక పని వెంటనే మొదలుపెట్టండి. మీ దుకాణంలో వాడేవి అను వంటి పాత తరహా ఫాంట్లయితే, వాటితో కూర్చిన తెలుగు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లు, ఫోన్లు గుర్తించే ప్రామాణిక అక్షర సంకేతం) కాదు కాబట్టి వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గీతలుగా మారుతుంది. యాప్‌లు, వెబ్‌సైట్ల పని మీ దాకా రాకపోవడానికి అదొక కారణం కావచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, రామభద్ర వంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మీ పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన సురవరం ఫాంటు కూడా అక్కడే ఉంది. ఇన్‌డిజైన్‌లో వీటిని వాడినప్పుడు ఒత్తులు విడిపోతే, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి, సరిపోతుంది.

ప్రశ్న: మా విద్యార్థి ఒకరు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. బొమ్మలు బాగా వేస్తాడు, ఇంట్లో కంప్యూటర్ లేదు. ఇటువంటి పరీక్షల్లో నెగ్గగలడా?
— ఒక అధ్యాపకురాలు, నారాయణపేట

జవాబు: కంప్యూటర్ లేకపోవడం పరీక్షకు అడ్డు కాదు, ఇంగ్లిష్ మాత్రం కొంత అడ్డే. యూసీడ్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో ఉంటుంది. మొత్తం 300 మార్కులలో 200 మార్కుల మొదటి భాగం కంప్యూటర్ మీద, 100 మార్కుల రెండో భాగం కాగితం మీద పెన్సిలుతో, గంటసేపు. మొదటి భాగంలో నిర్ణీత మార్కులు దాటితేనే రెండో భాగం దిద్దుతారు కాబట్టి, బొమ్మల బలం మీదే ఆధారపడితే అతని కాగితం ఎవరూ చూడకపోయే ప్రమాదం ఉంది. ఐఐటీ బొంబాయి వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి. వాటిని అచ్చు తీసి, వారానికొకటి మీ ఎదుటే చేయించండి.

బొమ్మల సాధనకు మీ ఊరే మంచి బడి. నారాయణపేటలో తెలుగు, కన్నడ బోర్డులు పక్కపక్కనే కనిపిస్తాయి. తలకట్టు రెండు లిపుల్లోనూ ఎలా వేరుపడుతుందో, బోర్డు రాసే చిత్రకారుడు కుంచెను ఎక్కడ ఎత్తుతాడో నోటు పుస్తకంలో గీయించండి. బస్టాండులో చదువు రానివారు తమ బస్సును ఎలా గుర్తుపడుతున్నారో గమనించి, దానికి తగిన గుర్తులు రూపొందించమనండి. పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల సంపుటి అడిగిన చోట ఇవి నేరుగా పనికొస్తాయి, అడగని చోట పరీక్షకు సాధన అవుతాయి.

అతను బీసీ విద్యార్థి అయితే ఒక జాగ్రత్త తీసుకోండి. రాష్ట్ర బీసీ ధ్రువపత్రం యూసీడ్‌కు చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, దాన్ని ఆ ఏడాది బ్రోచర్‌లో చెప్పిన తేదీ తర్వాత తీసుకొని ఉండాలి. మీసేవలో దరఖాస్తు చేశాక తహసీల్దారు కార్యాలయంలో కొన్ని వారాలు పట్టవచ్చు కాబట్టి దసరా సెలవులకు ముందే ఆ పని పూర్తి చేయించండి.