ఇంటర్వ్యూకి వెళ్లే ముందు 'సిన్స్' సంగతి చూసుకో

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే వారం కొత్త కంపెనీలో ఇంటర్వ్యూ అని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను, ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. నీకు పని రాదని కాదు. ఆ పని గురించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు చిన్న మాటల దగ్గర తడబడతావు, అదే నా బెంగ.

తేలికవి ముందు చెప్పేస్తాను. 'వర్క్' తర్వాత కంపెనీ పేరు వస్తే 'ఫర్' గానీ 'ఎట్' గానీ, డిపార్ట్‌మెంట్‌కీ ఊరికీ 'ఇన్', హోదాకి 'యాజ్', ప్రాజెక్టుకి 'ఆన్'. మేనేజర్ గురించైతే 'రిపోర్ట్ టు'. 'డిస్కస్' పక్కన 'అబౌట్' వద్దు. 'జాయిన్' పక్కన కంపెనీ పేరు నేరుగా రావాలి: 'ఐ జాయిన్డ్ ద కంపెనీ ఇన్ జూన్'. అక్కడున్న 'ఇన్' నెలది. తేదీ చెబితే 'ఆన్' అవుతుంది.

ఇక 'సిన్స్'. బాగా చదువుకున్నవాళ్లు కూడా 'ఐ యామ్ వర్కింగ్ దేర్ సిన్స్ త్రీ ఇయర్స్' అనేస్తారు. మనకి 'మూడేళ్ల నుంచి' అన్నా '2022 నుంచి' అన్నా 'నుంచి' ఒక్కటే కదా, అందుకే ఈ తప్పు వదలదు. ఇంగ్లీషులో అవి రెండు దారులు. తర్వాత వచ్చేది క్యాలెండర్ మీద వేలు పెట్టి చూపించగలిగేదైతే, అంటే 2022, జూన్, సోమవారం లాంటిదైతే, 'సిన్స్'. మూడేళ్లు, ఆరు నెలలు అని కొలిచి చెప్పేదైతే 'ఫర్'. 'సిన్స్ లాస్ట్ త్రీ ఇయర్స్' కూడా తప్పే, 'ఫర్ ద లాస్ట్ త్రీ ఇయర్స్' అనాలి.

అది మార్చి ఊరుకుంటే చాలదు, క్రియ కూడా మారాలి: 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్'. కంగారులో 'ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్' అన్నావంటే, ఆ ఉద్యోగం మానేశావనే అర్థం. నోటీస్ పీరియడ్ ఎంత అని అడగాల్సినవాళ్లు ఎందుకు మానేశావని అడుగుతారు. నా భయమంతా ఇక్కడే. చేస్తున్న ఉద్యోగాన్ని నీ నోటితో నువ్వే పోగొట్టుకోకు తల్లీ. ఎప్పుడో మానేసిన పాత ఉద్యోగానికైతే ఆ 'వర్క్‌డ్' సరైనదే, దానికి 'ఫ్రమ్ 2020 టు 2022' అని మొదలూ చివరా చెప్పు.

ఎప్పుడు చేరగలవంటే 'బై ద ఫస్ట్ ఆఫ్ జులై' అను. 'బై' అంటే ఆలోపు, 'టిల్' అంటే అప్పటిదాకా. 'ఐ విల్ ఫినిష్ ఇట్ టిల్ ఫ్రైడే' అనకు.

కోప్పడుతున్నాననుకోకు. అడిగీ అడగకముందే జవాబు చెప్పాలన్న ఆత్రం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, అది నాకు ముద్దే. కానీ ఆ ఆత్రంలోనే తప్పు దొర్లుతుంది. ప్రశ్న విన్నాక ఒక్క క్షణం ఆగితే ఎవరూ తప్పుపట్టరు.

ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏ హోదాలో, దేని మీద, ఎవరి కింద పనిచేస్తున్నావో ఐదు వాక్యాలు రాసుకుని పైకి చదువు. ఆదివారం ఫోన్ చేసి నాకు వినిపించు. 'సిన్స్' వచ్చిన ప్రతిచోటా ఆపి, ఎందుకు వేశావని అడుగుతాను.

మీ పెద్దమ్మ