ఇరవై మంది రోగులే ఉంటే ప్లసీబో బృందాన్ని వదిలేయవచ్చా?

ఇరవై మందికి మించి రోగులు దొరకని వ్యాధిలో ప్లసీబో (మందులా కనిపించే ఉత్తుత్తి మందు) ఎవరికీ ఇవ్వకుండా అందరికీ మందే ఇచ్చి, ఫలితాన్ని పాత రోగుల రికార్డులతో పోల్చితే చాలదా అని మీరు అడిగారు. హైదరాబాదులో కొన్నేళ్లుగా క్లినికల్ ట్రయల్స్ లెక్కలు చూస్తున్నవాడిగా చెబుతున్నాను: ఒక్కోసారి చాలుతుంది, అయితే అలాంటి వ్యాధులు తక్కువ.

పసితనంలోనే కండరాలను బలహీనపరిచే జన్యువ్యాధి ఎస్ఎంఏ టైప్ 1కు చాలింది. 2017లో ప్రచురితమైన జన్యుచికిత్స ట్రయల్‌లో ఉన్నది 15 మంది పసిపిల్లలే, ప్లసీబో బృందం లేదు. ఇరవై నెలల వయసుకు ఆ 15 మందీ శాశ్వత వెంటిలేటర్ అవసరం రాకుండా బతికి ఉన్నారు. చికిత్స లేని పాత రోగులలో అలా మిగిలినవారు 8 శాతమే. అంత తేడా ఉన్నప్పుడు పాత రికార్డులలోని చిన్న చిన్న లోపాలు అడ్డు రావు.

డుషెన్ కండరాల క్షీణతలో అడ్డు వస్తాయి. ఏడేళ్లలోపు బాలుడు, లోపల వ్యాధి ముదురుతున్నా, ఎదిగే వయసు కాబట్టి ఆరు నిమిషాల నడక పరీక్షలో నిరుటి కంటే ఎక్కువ దూరం నడవవచ్చు. ఏడు దాటాక సాధారణంగా ఆ దూరం తగ్గుతూ వస్తుంది. పాత రికార్డులలోని పిల్లలు కాస్త పెద్దవారైతే చాలు, పనిచేయని మందు కూడా పనిచేసినట్టే కనిపిస్తుంది.

కొలతను కూడా అనుమానించాలి. నేను పనిచేసిన ఒక చిన్న అధ్యయనంలో ఒక పిల్లవాడి నడక దూరం హఠాత్తుగా పడిపోతే వారం రోజులు మందునే తప్పుపట్టాము. తీరా ఆరా తీస్తే, శ్రీకాకుళం వైపు నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన ఆ పిల్లవాడిని స్టేషన్ నుంచి నేరుగా తీసుకొచ్చి నడిపించారని తేలింది. వందల మందిలోనైతే అది సగటులో కలిసిపోయేది. పద్నాలుగు మందిలో కలవలేదు. పరీక్షకు ముందు ఒక రోజు విశ్రాంతి ఉండాలని ఆ తరువాత ప్రోటోకాల్‌లో చేర్చాము.

లక్షణాలు నిలకడగా ఉండి, మందు ఆపగానే దాని ప్రభావం పోయే వ్యాధులలో ప్రతి రోగినీ తనతోనే పోల్చవచ్చు. కండరాలు బిగుసుకుపోయే మయోటోనియాకు మెక్సిలెటిన్ పనిచేస్తుందని 2012లో 59 మందితో జరిగిన క్రాసోవర్ ట్రయల్ (ప్రతి రోగికీ కొంతకాలం మందు, కొంతకాలం ప్లసీబో ఇచ్చేది) చూపింది. ఒక్కొక్క రోగికీ మందు, ప్లసీబో మార్చి మార్చి ఇచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం 2018లో సుమారు 30 మందితోనే అదే తేల్చింది. డుషెన్‌కు ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే పోయిన కండరం తిరిగి రాదు.

ఇక ప్లసీబో అన్యాయం కదా అన్న మీ బాధకు, ఎస్ఎంఏకే వెన్నులో సూదితో ఇచ్చే మరో మందు నుసినెర్సెన్ ట్రయల్ కొంత సమాధానం. అందులో ఇద్దరికి మందు, ఒకరికి ఉత్తుత్తి సూదిపోటు చొప్పున పసిపిల్లలను కేటాయించారు. మధ్యంతర విశ్లేషణలోనే ప్రయోజనం తేలగా ట్రయల్‌ను ముందే ఆపి, మందు అందనివారికీ అది దొరికే ఏర్పాటు చేశారు.

మీ వ్యాధి పేరు రాయలేదు. నెమ్మదిగా ముదిరేదైతే మాత్రం, మీరు పోల్చబోయే పాత రికార్డులలో వయసు, స్టెరాయిడ్ వాడకం, కొలిచిన పద్ధతి నమోదై ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే పదముగ్గురికి మందు, ఏడుగురికి ప్లసీబో అనే విభజనకే నేను మొగ్గుతాను.